సీసం పోత: ఆరు గుంటల అచ్చుతో తంటాలు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ అమెరికాలోని తెలుగువాళ్ళవే. గురిపందేల కోసం సొంతంగా సీసపు గుళ్ళు పోసుకోవడం అక్కడ చట్టం ఒప్పుకున్న పాత అలవాటు. ముందు ఒక మాట తేల్చుకుందాం. తూటా అంటే ఇత్తడి గొట్టం, మందు, గుండు అన్నీ కలిసినది. ఇక్కడ మాట్లాడేది దాని కొసన ఉండే గుండు గురించి మాత్రమే. మందు నింపడం వేరే విద్య, దాని జోలికి పోవడం లేదు. భారతదేశంలో ఉన్న పాఠకులు చివరి రెండు జవాబులు ముందు చదవండి.

ప్రశ్న (డాలస్, టెక్సస్): రెండు గుంటల అచ్చుతో ఏడాదిగా బాగానే పోస్తున్నాను. పని త్వరగా అవుతుందని 38 స్పెషల్ (ఒక రకం రివాల్వర్ తూటా) కోసం 158 గ్రెయిన్ల ఆరు గుంటల అల్యూమినియం అచ్చు కొన్నాను. మొదటి పది పోతలూ ముడతలే. తర్వాత మధ్య గుళ్ళు బాగుపడ్డాయి గానీ రెండు చివర్లవి మాత్రం అడుగు అంచు గుండ్రంగా, సగం నిండినట్టు వస్తున్నాయి. సీసం వేడి 800 డిగ్రీల ఫారెన్‌హీట్ దాకా పెంచాను. లాభం లేదు.

జవాబు: వేడి కావాల్సింది సీసానికి కాదు, అచ్చుకి. సీసాన్ని మళ్ళీ 700–725 డిగ్రీలకి (సుమారు 370–385 సెల్సియస్) దించేయండి. 750 దాటితే సీసంలో కలిపి ఉన్న తగరం పైన తెట్టుగా కట్టి తరిగిపోతుంది. మీరు వేడి పెంచిన కొద్దీ సీసం నిండే గుణం తగ్గుతుందే తప్ప పెరగదు.

రెండు గుంటల అచ్చుకీ దీనికీ తేడా ఇక్కడే ఉంది. ఒక్కో గుండు 158 గ్రెయిన్లు, అంటే 10 గ్రాముల పైచిలుకు. ఆరింటికి 61 గ్రాములు, పైన మిగిలే స్ప్రూ (గుంట నిండాక మిగిలి కోసేసే ముక్క) కలిపితే ప్రతి పోతకీ 75 గ్రాముల దాకా లోహం అచ్చులోకి వెళ్తుంది. ఆ వేడితోనే అచ్చు నిలబడాలి. మధ్య గుంటలకి రెండు పక్కలా వేడి గుంటలే ఉంటాయి; చివరి గుంటలకి ఒక పక్క గాలి తగులుతుంది. అల్యూమినియం ఎంత త్వరగా వేడెక్కుతుందో అంత త్వరగా చల్లారుతుంది కూడా. కాబట్టి మీరు ఒక్కో పోత తర్వాత గుళ్ళని కంటికి దగ్గరగా పెట్టుకుని పరీక్షిస్తూ కూర్చుంటే ముందు చచ్చేది చివరి గుంటలే. చూడటం తర్వాత, పోయడం ముందు.

వరస ఇలా పెట్టుకోండి. కొత్త అచ్చుకి ఫ్యాక్టరీ నూనె పట్టి ఉంటుంది. గిన్నెలు తోమే సబ్బు, మెత్తటి బ్రష్, వేడినీళ్ళతో కడిగి పూర్తిగా ఆరనివ్వండి. గుంటలో నూనె పొర ఉన్నా ముడతలు వస్తాయి, అచ్చు చల్లగా ఉన్నా వస్తాయి. చూడటానికి రెండూ ఒకేలా ఉంటాయి. అందుకే ముందు నూనె అనుమానం తీర్చేసుకోవాలి. తర్వాత చిన్న కరెంటు హాట్‌ప్లేట్ మీద ఒక ఇనుప రేకు పరిచి, దాని మీద అచ్చు మూసి పెట్టి 350–400 డిగ్రీల ఫారెన్‌హీట్‌కి తీసుకురండి. అచ్చు మూలని కరిగిన సీసంలో ముంచి వేడి చేసే పద్ధతి రెండు గుంటల అచ్చుకి సరిపోతుంది. ఆరు గుంటల అచ్చుకి అది ఒక మూలని ఉడికించి రెండో మూలని పచ్చిగా వదిలేస్తుంది. అచ్చు పైన రంధ్రాలతో ఉండి, పక్కకి తిరిగి స్ప్రూని కోసే స్ప్రూ ప్లేట్‌ని మర్చిపోవద్దు. అది చల్లగా ఉంటే సీసం రంధ్రం దగ్గరే గడ్డకట్టి, కింద గుండు అడుగు నిండకుండా ఆగిపోతుంది. గుండ్రటి అంచులకి సగం కారణం ఇదే.

పోసేటప్పుడు ధార నేరుగా రంధ్రం మధ్యలో పడాలి, పక్కలకి గాలి పోయే సందు ఉండాలి. రంధ్రాన్ని సీసం కరిగించే పాట్ నాజిల్‌తో (ధార కారే మూతితో) పూర్తిగా మూసేస్తే లోపలి గాలికి దారి ఉండదు. ఒక చివర నుంచి మొదలుపెట్టి ఆగకుండా ఆరూ నింపండి. ఒక్కోదాని మీదా మడుగు మిగలాలి, ఆరు మడుగులూ కలిసి ప్లేట్ మీద ఒకే పట్టీలా నిలవాలి. గుండు గడ్డకడుతూ కుదించుకుపోయేటప్పుడు పై నుంచి లోహాన్ని లాక్కునేది ఈ మడుగు నుంచే. పిసినారితనం చేస్తే అడుగున గుంట పడుతుంది. మరుసటి పోత రెండో చివర నుంచి మొదలుపెడితే రెండు చివర్లకీ వేడి సమానంగా పంచినట్టవుతుంది.

నిమిషానికి రెండు నుంచి మూడు పోతల వేగం పట్టుకోండి. మొదటి ఎనిమిది పది పోతలు ఎలాగూ పాట్‌లోకి తిరిగిపోయేవే, వాటిని చూడకండి. గుండు ఒళ్ళంతా మెరుస్తూ, అడుగు అంచు గోరు తగిలితే పట్టేంత పదునుగా ఉంటే దారిలో పడ్డట్టే. ఒంటి మీద తెల్లగా మంచు పట్టినట్టు కనిపిస్తే అచ్చు కాస్త ఎక్కువ వేడెక్కింది. గుండుకి నష్టం లేదు, వేగం కొంచెం తగ్గించండి. నిజానికి ఆ తెల్లదనం ముడతల కన్నా వెయ్యి రెట్లు మేలు. మెరిసే గుళ్ళే మంచివనుకుని వేడి తగ్గించేవాళ్ళు చాలామంది ఉన్నారు, అది కంటికి నచ్చే తప్పు.

ఇన్ని చేసినా అంచులు నిండకపోతే అప్పుడు మిశ్రమం వైపు చూడండి. తగరం ఒకటి రెండు శాతం ఉంటే చాలు. సీసం లేని ప్లంబింగ్ టంకం, 95 శాతం తగరం, 5 శాతం యాంటిమొనీ (సీసాన్ని గట్టిపరిచే లోహం) ఉండే రకం, దీనికి సులువైన దారి. 10 పౌండ్ల సీసానికి 2 శాతం అంటే సుమారు 3.2 ఔన్సులు. అంతకు మించి వేయడం డబ్బు దండగ.

ప్రశ్న (ఫీనిక్స్, అరిజోనా): స్ప్రూ కోసినప్పుడు గుండు అడుగు చిరిగిపోతోంది. కొన్నిసార్లు సీసం ప్లేట్ కిందా అచ్చు పైనా పులుముకుపోతోంది. ఒకసారి కోత లీవర్ బిగుసుకుపోయి దాదాపు విరగబోయింది.

జవాబు: మొదటి రెండూ తొందర వల్ల, లీవర్ బిగుసుకోవడం ఆలస్యం వల్ల. రెంటినీ ఒకే రోజు చేస్తున్నారన్నమాట.

మడుగు పోసిన వెంటనే అద్దంలా మెరుస్తుంది. గడ్డకట్టే క్షణంలో మెరుపు పోయి మసకబారుతుంది, మధ్యలో చిన్న సొట్ట పడుతుంది. అక్కడి నుంచి నాలుగైదు సెకన్లు లెక్కపెట్టి కోయండి. ఆ అదనులో కోస్తే చేత్తో నొక్కితే చాలు, లీవర్ తిరుగుతుంది, సుత్తి పని ఉండదు. ముందే కోస్తే లోపల ఇంకా మెత్తగా ఉన్న సీసం ప్లేట్‌తో పాటు ఊడివస్తుంది, అదే అల్యూమినియానికి పులుముకుంటుంది. పులుముకున్న సీసాన్ని కత్తితో గీకారో అచ్చు పాడైనట్టే. అచ్చు వేడిగా ఉండగా గట్టి చెక్కపుల్లతో రుద్దండి, లేచి వచ్చేస్తుంది.

ఆలస్యమైతే ఆరు స్ప్రూలూ ఒకేసారి గట్టిపడి ఉంటాయి. రెండు గుంటల అచ్చులో ఆ బలం తెలియదు. ఆరింటిలో లీవర్ మీద పడుతుంది, విరిగేది అక్కడే. పోసి పక్కకి చూశారా, ఫోన్ మోగిందా, ఆ పోతని కోసే ప్రయత్నం వద్దు. అచ్చుని హాట్‌ప్లేట్ మీద పెట్టి మళ్ళీ వేడెక్కాక కోయండి.

మడుగు గడ్డకట్టడానికి పది సెకన్లు దాటుతోందంటే అచ్చు మితిమీరి వేడెక్కింది. చిన్న ఫ్యాన్ అచ్చు వైపు తిప్పి అర నిమిషం ఆగండి. కొందరు ప్లేట్‌ని తడి స్పాంజికి ఆనించి చల్లారుస్తారు. కరిగిన సీసం పక్కన నీళ్ళు పెట్టుకోవడం మాకు నచ్చదు, ఎందుకో తర్వాతి జవాబుల్లో ఉంది.

ప్లేట్ మరను కూడా చూడండి. ప్లేట్ ఊగకూడదు, అలాగని రాసుకుంటూ తిరగకూడదు. అచ్చు వేడిగా ఉండగా కీలు దగ్గరా, రెండు సగాలని జతచేసే పిన్నుల దగ్గరా టూ స్ట్రోక్ ఇంజన్ ఆయిల్‌ని దూదిపుల్ల కొసతో తడిమినంత పూయండి. చుక్క ఎక్కువైతే అది గుంటల్లోకి పాకి మరో యాభై గుళ్ళు ముడతలు తెస్తుంది. గుండు అచ్చులోంచి రాకపోతే హ్యాండిల్ కీలు బోల్టు మీద చెక్క సుత్తితో తట్టండి. అచ్చు దిమ్మల మీద ఎప్పుడూ కొట్టకండి.

ప్రశ్న (అట్లాంటా, జార్జియా): టైర్ల షాపు నుంచి బకెట్ నిండా పాత చక్రాల బరువులు (చక్రం ఊగకుండా అంచుకి తగిలించే ముక్కలు) తెచ్చాను. కరిగించాక సీసం పైన అటుకుల జావలా ముద్దలు తేలి, అచ్చులోకి సరిగా పారడం లేదు.

జవాబు: జింక్ కలిసింది. అది 419 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది, సీసం 327 దగ్గరే కరుగుతుంది. పాట్‌ని 700 ఫారెన్‌హీట్ (371 సెల్సియస్) లోపే ఉంచి కరిగించి ఉంటే జింక్ ముక్కలు ఇనుప క్లిప్పులతో పాటు పైన తేలేవి, గరిటెతో తీసేసేవాళ్ళు. గ్యాస్ పొయ్యి మంట పూర్తిగా పెట్టి వదిలేస్తే అవీ కరిగిపోతాయి. కలిసిపోయాక ఇంట్లో విడదీయడానికి తేలికైన దారి లేదు. కొద్దిగా కలిస్తే మంచి సీసం ఎక్కువ పోసి పలచన చేయవచ్చు గానీ, పైన జావ కట్టేంత ఉంటే తుక్కు కొనేవాడికి ఇచ్చేయడమే మేలు.

ఇకపై కరిగించే ముందే ఏరండి. కటింగ్ ప్లయర్‌తో అంచు నొక్కండి: సీసం మెత్తగా తెగుతుంది, జింక్ మీద, ఇనుము మీద పన్ను దిగదు. చాలా ముక్కల మీద ఇనుముకి ఎఫ్ఈ, జింక్‌కి జెడ్ఎన్ అనే గుర్తులు పోతలోనే ఉంటాయి. క్లిప్పుతో తగిలించే సీసపు బరువుల్లో సుమారు 3 శాతం యాంటిమొనీ, అర శాతం లోపు తగరం ఉంటాయి. పిస్టల్ గుళ్ళకి ఇది మంచి లోహం. బంకతో అంటించేవి దాదాపు మెత్తని శుద్ధ సీసం. రెంటినీ వేర్వేరు దిమ్మలుగా పోసి, దిమ్మ మీద గుర్తు చెక్కుకోండి. వాషింగ్టన్, కాలిఫోర్నియా లాంటి రాష్ట్రాల్లో సీసపు చక్రాల బరువుల్ని చట్టమే ఆపేసింది, అక్కడి బకెట్‌లో సీసం పాలు తక్కువే ఉంటుంది.

కొత్త ముక్కల్ని ఎప్పుడూ చల్లని పాట్‌లో వేసి మొదలుపెట్టండి. బకెట్‌లో వాన తడి ఉంటుంది. నీటిబొట్టు సీసం కిందకి వెళ్ళి ఆవిరైతే దాని పరిమాణం 1,700 రెట్ల దాకా పెరుగుతుంది, పాట్‌లోని సీసమంతా పైకి చిమ్ముతుంది. షూటింగ్ రేంజి మట్టి నుంచి ఏరిన సీసమైతే పేలని తూటా కూడా దొర్లి రావచ్చు. ఒక్కొక్కటీ చేత్తో చూసి, మూత వేసి కరిగించండి. కారు బ్యాటరీ పలకలు మాత్రం ఎంత చవకగా దొరికినా వద్దు. ఆమ్లం సంగతి అలా ఉంచండి, వాటిలోని కాల్షియం, యాంటిమొనీ, ఆర్సెనిక్ కలిసి తెట్టుకి తడి తగిలినప్పుడు విషవాయువులు వదలగలవు.

పైన చేరే బూడిద రంగు తెట్టునంతా చెత్త అనుకుని తీసి పారేస్తే తగరం కూడా పోతుంది. ముందు గుప్పెడు పొడి రంపపుపొట్టు వేయండి, అది నల్లబడి మండాక గరిటెతో అడుగు నుంచి కలియబెట్టండి. ఆక్సైడ్‌గా మారిన తగరం మళ్ళీ లోహంలో కలుస్తుంది. మిగిలే నల్లపొడి మాత్రమే పారేసేది.

ప్రశ్న (ఎడిసన్, న్యూజెర్సీ): మావారు ఈ పని మొదలుపెట్టారు. గ్యారేజీలో చేస్తున్నారు. ఇంట్లో మూడేళ్ళ పాప ఉంది. ఆవిరి పీల్చితే ప్రమాదమా?

జవాబు: ఆవిరి కన్నా దుమ్ము ప్రమాదం, అమ్మా. పోత వేడి దగ్గర సీసం చెప్పుకోదగ్గంత ఆవిరి కాదు; అది మరిగేది 1,749 డిగ్రీల సెల్సియస్ దగ్గర. ఇంట్లోకి వచ్చేది పాట్ పైన చేరే ఆ తెట్టు పొడి, చేతులకి పట్టిన మసి, చెప్పుల అడుగు, చొక్కా మడత. పాప నేల మీద పాకి చేతులు నోట్లో పెట్టుకుంటుంది. పెద్దవాళ్ళ కన్నా పసిపిల్లల ఒంట్లోకి సీసం చాలా ఎక్కువ పాలు ఇంకుతుంది, అది మెదడు ఎదుగుదలని దెబ్బతీస్తుంది.

కాబట్టి ఆయన చెప్పులూ బట్టలూ గ్యారేజీ దాటి రాకూడదు, ఆ బట్టలు విడిగా ఉతకాలి. తెట్టు మూత ఉన్న ఇనుప డబ్బాలోకే వెళ్ళాలి, నిండాక మీ కౌంటీ ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి ఇవ్వాలి. నేలని చీపురుతో ఊడవకూడదు, తడిగుడ్డతో తుడవాలి. అక్కడ టీ, సిగరెట్ ఏదీ వద్దు. ఫ్యాన్ గాలిని ఆయన ముఖం నుంచి బయటికి లాగాలి. వంటింటి గరిటె, గిన్నె, ఓవెన్ ఒక్కసారి వాడినా అవి మళ్ళీ వంటింటికి రాకూడదు. కారు, బొమ్మలు, పాప సైకిలు ఉండే గ్యారేజీలోనే చేస్తుంటే మాత్రం మా సలహా సూటిగా ఇదీ: పాప పెద్దయ్యేదాకా పని ఇంటి బయట షెడ్‌కి మార్చమనండి.

పాపకీ ఆయనకీ రక్తంలో సీసం పరీక్ష చేయించండి. పిల్లల విషయంలో అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ 2021 నుంచి డెసిలీటరుకి 3.5 మైక్రోగ్రాములని హెచ్చరిక గీతగా పెట్టుకుంది. అంతకు తక్కువైతే క్షేమం అని దాని అర్థం కాదు, ఆ పైన ఉంటే వెంటనే మూలం వెతకాలని.

ఆయన ఒంటి మీద నైలాన్, పాలిస్టర్ ఉండకూడదు, చిమ్మిన సీసానికి అవి కరిగి అంటుకుంటాయి. మందపాటి నూలు చొక్కా, తోలు చేతితొడుగులు, ముఖం కప్పే అద్దం, మూసిన తోలు చెప్పులు ఉండాలి.

ప్రశ్న (కొలంబస్, ఒహాయో): నేను హెచ్-1బి వీసా మీద ఉన్నాను. మిత్రుడికి గన్ ఉంది, నాకు లేదు. అతనితో కలిసి గుళ్ళు పోసి నా వాటా నా అపార్ట్‌మెంట్‌లో పెట్టుకోవచ్చా? మిగిలినవి అమ్ముకోవచ్చా?

జవాబు: గన్ లేదు కాబట్టి చిక్కు లేదనుకోవద్దు. వలస కోసం కాని (నాన్ ఇమిగ్రెంట్) వీసాల మీద ఉన్నవాళ్ళు తుపాకీ గానీ తూటా సామగ్రి గానీ దగ్గర ఉంచుకోకూడదని అమెరికా ఫెడరల్ చట్టం 18వ టైటిల్ 922వ సెక్షన్ చెబుతోంది. 921వ సెక్షన్ ఇచ్చిన నిర్వచనంలో ఆ సామగ్రి అంటే ఖాళీ ఇత్తడి గొట్టం, ప్రైమర్ (మందుని అంటించే చిన్న టోపీ), మందు, ఒట్టి గుండు కూడా. హెచ్-1బి ఈ కోవలోకే వస్తుంది. మినహాయింపుల్లో అందరికీ అందుబాటులో ఉన్నది అమెరికాలో చట్టబద్ధంగా ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు. అది చేతిలో లేకుండా డబ్బా ఇంటికి తెచ్చుకోకండి. తుపాకీ కేసులు వీసాతో ఆగవు, దేశం నుంచి పంపేసే దాకా పోతాయి. ముందు ఇమిగ్రేషన్ లాయర్ని అడగండి. గ్రీన్ కార్డు వచ్చినవాళ్ళకి ఈ నిషేధం లేదు, రాష్ట్ర చట్టాలు మాత్రం వేరుగా ఉంటాయి.

అమ్మకం సంగతి: తనకోసం పోసుకోవడానికి ఫెడరల్ లైసెన్సు అక్కర్లేదు, వ్యాపారంగా అమ్మాలంటే 06 రకం తయారీదారు లైసెన్సు కావాలి. మీకు అది కూడా దూరమే.

ప్రశ్న (షార్లట్, నార్త్ కరోలినా): తుపాకీ బారెల్ లోపల సీసం అంటుకుంటోంది. గుండు గట్టిగా లేకనా?

జవాబు: గట్టిదనాన్ని తిట్టే ముందు కొలత చూడండి. బారెల్ లోపలి గాడుల వ్యాసం కన్నా గుండు అంగుళంలో వెయ్యో వంతు పెద్దగా ఉండాలి. 38 స్పెషల్‌కి 0.358 అంగుళాలు మామూలు. గుండు సన్నగా ఉంటే వేడి వాయువు పక్కల నుంచి దూసుకుపోయి సీసాన్ని కరిగించి గాడులకి పూస్తుంది. అప్పుడు మరింత గట్టి మిశ్రమం వాడితే గుండు పరుచుకుని సందు మూసే అవకాశం కూడా పోతుంది. మైక్రోమీటరుతో ఆరు గుంటల గుళ్ళనీ విడివిడిగా కొలవండి, ఒక గుంట చిన్నదిగా ఉండటం అరుదేమీ కాదు.

ప్రశ్న (హైదరాబాద్): అమెరికాలో ఉన్న బావగారు తను పోసిన నాలుగు గుళ్ళు చూపించడానికి తెస్తానంటున్నారు. మందు లేదు కదా, ఫరవాలేదా? అలాంటి అచ్చు ఇక్కడ కొనవచ్చా?

జవాబు: రెంటికీ వద్దనే చెప్పాలి. 1959 ఆయుధాల చట్టం 2వ సెక్షన్‌లో తూటా సామగ్రి నిర్వచనంలోకి దాని భాగాలూ, దాన్ని తయారుచేసే యంత్రాలూ కూడా వస్తాయి. లైసెన్సు లేకుండా తయారీని 5వ సెక్షన్ నిషేధిస్తుంది, 25వ సెక్షన్ శిక్ష చెబుతుంది. బావగారి సూట్‌కేసు స్కానర్‌లో ఆగితే అది వింత వస్తువని చెప్పి బయటపడటం కష్టం. ఫొటోలు పంపమనండి.

ప్రశ్న (కాకినాడ): విసురువలకి సీసపు గుళ్ళు సొంతంగా పోసుకుంటాం. ఒక్కో గుండు విడిగా పోయడం చాలా ఆలస్యం. ఎక్కువ గుంటల అచ్చు చేయించుకుంటే తాడు దూరే రంధ్రం ఎలా వస్తుంది?

జవాబు: లేతు పని చేసేవారి దగ్గర రెండు అల్యూమినియం దిమ్మలు చదును చేయించి, ఒకదానితో ఒకటి కదలకుండా పిన్నులు పెట్టించి, ఆరు గుంటలు ఒకే గీత మీద తొలిపించండి. ఆ గీత వెంట, గుంటలన్నింటి మధ్యగా ఒకే ఇనుప ఊచ పట్టేలా సన్నటి గాడి ఉండాలి. ఊచ కొస వైపు కొద్దిగా సన్నబడాలి, నున్నగా ఉండాలి. ప్రతి అయిదారు పోతలకి దానికి కిరసనాయిలు దీపం మసి పట్టించండి. సీసం గడ్డకట్టగానే, చల్లారకముందే ఊచని తిప్పుతూ లాగేయండి. చల్లారితే సీసం ఊచని పట్టేసి గుండు చిట్లుతుంది.

మీకు శుద్ధమైన మెత్తని సీసమే కావాలి, తాడు మీద నొక్కితే అణగాలి. యాంటిమొనీ కలిసిన గట్టి లోహం పగులుతుంది. శుద్ధ సీసం కాస్త ఎక్కువ వేడి అడుగుతుంది, 380–400 సెల్సియస్ దాకా. థర్మామీటరు లేకపోతే తెట్టు తీసిన సీసం పైభాగం చూడండి: పసుపు, నీలం రంగులు తేలుతున్నాయంటే వేడి ఎక్కువైంది, మంట తగ్గించండి. అచ్చు ముడతల సంగతి డాలస్ పాఠకుడికి చెప్పిందే.

పాత బ్యాటరీ సీసం మాత్రం వద్దు. 2022 బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం పాత బ్యాటరీ నమోదైన రీసైక్లర్‌కే చేరాలి. పొయ్యిని వంటపాకలో కాక, పొగ మీ మీదకి రాని ఆరుబయట, పిల్లలూ కోళ్ళూ తిరగని చోట పెట్టండి. వలకి గుళ్ళు కట్టేటప్పుడు వాటిని పళ్ళతో నొక్కే అలవాటు చాలామందికి ఉంది; దానికి చిన్న పట్టకారు చాలు.